సీసా వెనక చిన్నక్షరాలు

జూలై నాలుగు వచ్చిందంటే మా డాలస్‌లో ఏ పెరట్లో చూసినా కుంపట్లు రాజుకుంటాయి. అమెరికా వాళ్ల స్వాతంత్ర్య దినం మరి. వీధంతా పొగ, మాంసం కాలుతున్న వాసన. దానిమీద పూసే ఎర్రటి, తియ్యటి, పుల్లటి సాసునే బార్బెక్యూ సాసు అంటారు. మనింట్లో ఆవకాయ జాడీ ఎలాగో వీళ్ల ఫ్రిజ్‌లో ఆ సీసా అలాగ. మేం వచ్చి పన్నెండేళ్లయినా నేను దాన్ని ఏనాడూ ఎంచి కొన్న పాపాన పోలేదు. ఏది చవగ్గా ఉంటే అది బండిలో పడెయ్యడమే. కందిపప్పు కొనాలంటే నాలుగు కొట్లు తిరిగే దాన్ని, సాసు దగ్గర మాత్రం ఎందుకంత నిర్లక్ష్యమో!

పోయినేడాది మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చారు, ఆర్నెల్లు ఉండడానికి. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. అందుకని ఆ జూలై నాలుగుకి నేను చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. ఆవిడ కోసం వేరే చిన్న కుంపటి, వేరే పట్టకారు, వేరే పళ్లెం. పనీరు ముక్కలు, మొక్కజొన్న పొత్తులు విడిగా కాల్చి, పైన సాసు పూసి ఇచ్చాను. రెండు పొత్తులు తిని, "అమ్మాయ్, ఈ పూత బావుందే! బెల్లం వేసిన పులుసులా ఉంది" అన్నారు. నా మొహం చేటంతయింది.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా అబ్బాయి సీసా తిప్పి చూస్తూ, "అమ్మా, యాంకొవీస్ అంటే ఏంటి?" అన్నాడు.

నెత్తళ్లు! చేపలు!

చేతిలో గిన్నె సింకులో పడిపోయింది. కుంపట్లు వేరు చేశాను గానీ, రెండిటి మీదా పూసింది ఒకటే సీసా.

తర్వాత తెలుసుకున్న సంగతేమిటంటే, వూస్టర్‌షైర్ సాసు అని ఒకటుంది. ఇంగ్లండులో వూస్టర్ అనే ఊళ్లో లీ, పెర్రిన్స్ అనే ఇద్దరు మందుల షాపు వాళ్లు 1837లో అమ్మకం మొదలుపెట్టారు. వెనిగరు, మొలాసిస్, ఉల్లి, వెల్లుల్లి, మన చింతపండు, వాటితో పాటు ఊరేసిన నెత్తళ్లు అందులో ఉంటాయి. కొన్ని బార్బెక్యూ సాసుల్లో రుచి కోసం ఆ సాసు కలుపుతారు. అలాగని దాచిపెట్టేదేం లేదు. 2004లో చేసిన చట్టం ప్రకారం చేప ఉంటే ఆ పేరు లేబులు మీద వేసి తీరాలి. వేశారు కూడా. చదవనిది నేను.

"చెప్పకు. తెలియక తిన్నదానికి దోషం ఏముంది? అనవసరంగా బాధపడుతుంది" అన్నారు మావారు. నాకు నిద్ర పట్టలేదు. చెబితే ఆవిడ మనసు కష్టపెట్టినట్టు. చెప్పకపోతే? నా వంట మీద నమ్మకంతో తింటున్న మనిషి కదా. తెల్లారి కాఫీ ఇస్తూ చెప్పేశాను.

ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ అక్కడే పెట్టేసి వెళ్లి తలస్నానం చేశారు. మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ నాలుగైదు గంటలూ నేను పడిన బాధ పగవాళ్లకి కూడా వద్దు. చివరికి వంటింట్లోకొచ్చి, "చెప్పి మంచి పని చేశావు. దాచి ఉంటే, ఎప్పుడో తెలిసిన రోజున నీ చేతి మంచినీళ్లు కూడా అనుమానంగా తాగేదాన్ని" అన్నారు. కాసేపాగి, "ఏదీ ఆ సీసా, మొత్తం చదివి వినిపించు" అన్నారు.

ఆ శనివారం అత్తగారూ, నేనూ, అబ్బాయీ సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. నడవా పొడుగునా సాసులే! వాడు చదవడం, నేను తెలుగులో చెప్పడం, ఆవిడ తీర్పివ్వడం. నడిచేవాళ్లకి దారి కూడా ఇవ్వలేదు మేం.

ఒక్కో ప్రాంతానికి ఒక్కో రుచి. టమాటా, మొలాసిస్‌తో చిక్కగా, తియ్యగా ఉండేది కాన్సాస్ సిటీ వాళ్లది. 1977లో అక్కడి పిల్లల మానసిక వైద్యుడు రిచ్ డేవిస్ తయారుచేసిన కేసీ మాస్టర్‌పీస్ ఆ తీపి రకాన్ని దేశమంతా తిప్పింది. ఏ దినుసు ఎక్కువుంటే దాని పేరు లేబులు మీద ముందుండాలి. ఆ తీపి సీసాల్లో చాలావాటి మీద మొదటి పేరు మొక్కజొన్న చక్కెర పాకమే! కొన్నిట్లో రెండు టేబుల్‌స్పూన్లకి పదహారు గ్రాముల చక్కెర, అంటే నాలుగు చెంచాలు. మావారికి షుగరు అంచుమీద ఉంది. ఆయన ఆ సాసు గరిటెలతో పోసుకుంటారు.

అలబామాలో తెల్ల సాసు అని ఉంది. 1925 నుంచీ బిగ్ బాబ్ గిబ్సన్ హోటలు వాళ్లది పేరు. దాన్ని మయొనీజ్‌తో చేస్తారు. "గుడ్డా? అక్కడ పెట్టెయ్" అన్నారు అత్తగారు. నార్త్ కరోలినా తూర్పువైపు వాళ్లది ఉత్త వెనిగరూ మిరపకాయా, నీళ్లలా పల్చగా ఉంటుంది. మా టెక్సాస్ వాళ్లు ఉప్పు, మిరియాలతో కాల్చిన మాంసానికే గొప్ప చెప్పుకుంటారు, సాసు పక్కన ఉంటే ఉంది లేకపోతే లేదు. సౌత్ కరోలినాలో మాత్రం ఆవాలతో చేస్తారు. అక్కడ స్థిరపడ్డ జర్మన్ల అలవాటు అంటారు. ఆవ సీసాల్లో కూడా కొన్నిట్లో వూస్టర్‌షైర్ సాసు కనబడింది. చేప లేనిది వెతికి తీశాం.

నాలుగు సీసాలతో ఇంటికొచ్చి, ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద వేసి అందరం రుచి చూశాం. అబ్బాయి తీపిదే కావాలని పేచీ. మావారు నా చూపు చూసి వెనిగరుది బావుందన్నారు పాపం. అత్తగారు ఆవ సాసు నాలిక్కి రాసుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"ఇది మన ఆవపెట్టిన అరటికాయ కూరే కదే! వీళ్లకెలా తెలిసిందే ఇది?"

చెప్పొద్దూ, నాకూ అదే నచ్చింది. ముక్కుకి ఎక్కే ఆ ఘాటు ముందు మిగతావి చప్పగా అనిపించాయి. తీపీ తక్కువే. ఇప్పుడు మా ఫ్రిజ్‌లో రెండు సీసాలుంటాయి. తీపిది అబ్బాయికి, నెలకొకసారి.

అక్టోబర్లో వెళ్లేటప్పుడు అత్తగారు పెట్టెలో చీరల మధ్య ఒక ఆవ సీసా పెట్టుకున్నారు. అది ఎప్పుడో అయిపోయిందట. మొన్న ఫోన్లో, "ఎవరైనా వస్తుంటే రెండు సీసాలు పంపు. వాళ్లు లోపల ఏమైనా మార్చారేమో, మళ్లీ చదివి మరీ పంపు" అన్నారు.