లెక్క కనబడవలెను

ఒక తరగతిలోని 40 మంది విద్యార్థుల ఎత్తులను కొలిచి, కంప్యూటరులోని లెక్కల పట్టికలో వ్రాయుచున్నారనుకొందము. మొదటినాడు 35 మంది కొలతలే వచ్చినవి. వాటికి సగటు కట్టు సూత్రమును ఒక గడిలో వ్రాసిరి. మరునాడు తక్కిన ఐదుగురి కొలతలను క్రింద చేర్చిరి. సూత్రమును మాత్రము సవరింపలేదు. ఇప్పుడు పట్టికలో 40 కొలతలును కనబడును. సగటు మాత్రము 35 మందిదే. సూత్రము గడి వెనుక దాగియుండుటచే, దానిని ప్రత్యేకముగా తెరచి చూచిననే గాని పొరపాటు తెలియదు.

ఇట్టి పొరపాటు పిల్లలకే పరిమితము కాదు. 2010 లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞులు ఒక వ్యాసమును ప్రకటించిరి. సంపన్న దేశములలో ప్రభుత్వ ఋణము వార్షికోత్పత్తిలో 90 శాతమును మించినప్పుడు, ఆర్థికాభివృద్ధి సగటున -0.1 శాతముగా ఉన్నదని వారి లెక్క. ప్రభుత్వ వ్యయమును తగ్గింపవలెనను నాయకులు దీనిని ఆధారముగా చూపిరి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థియైన థామస్ హెర్న్‌డన్ ఆ ఫలితమును తిరిగి రాబట్టజూచెను, అది రాలేదు. అంతట ఆ రచయితలనే అడిగి, వారి ఎక్సెల్ పట్టికను తెప్పించుకొనెను. 20 దేశములను చేర్చుకొనవలసిన సూత్రము 15 దేశములనే తీసికొన్నది! అక్షరక్రమమున మొదటివైన ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్కు జారిపోయినవి. 2013 లో హెర్న్‌డన్, అతని ఆచార్యులు సరిచేసి కట్టగా, సగటు 2.2 శాతమని తేలినది. ఈ తేడాకు వరుసల పొరపాటు కొంతవరకే కారణము. కొన్ని దత్తాంశములను వదలివేయుటయు, సగటు కట్టిన విధానమును ముఖ్య కారణములు. అయినను, పట్టిక చేతికి వచ్చువరకు వీటిలో దేనిని గూర్చియు విచారించు వీలు లేకపోయినది.

మరియొక చిక్కు జీవశాస్త్రమున వచ్చినది. "సెప్ట్2" అను జన్యువు పేరును గడిలో వ్రాయగనే, ఎక్సెల్ దానిని సెప్టెంబరు 2వ తేదీగా మార్చివేయుచుండెను. వేలకొలది పేర్ల నడుమ ఇది కంటబడదు. తుదకు 2020 లో జన్యు నామకరణ సంఘము వారు ఇట్టి జన్యువుల పేర్లనే మార్చిరి; సెప్ట్2 "సెప్టిన్2" అయినది. ఈ మార్పిడిని ఆపివేయు వీలు ఎక్సెల్‌లో 2023 లో గాని రాలేదు.

మరి ఉపాయమేమి? న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనువారు గణాంకశాస్త్ర బోధనకై "ఆర్" అను కంప్యూటరు భాషను నిర్మించి, 1995 లో దానిని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిరి. అనగా దానిని నిర్మించిన మూలసంకేతమును ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, ఇతరులకు పంచవచ్చును, వెల లేదు. ఇందు దత్తాంశములు ఒక ఫైలులో ముట్టకుండ ఉండును. ఏ కొలతలను తీసికొనవలెనో, దేనిని వదలవలెనో, సగటు ఎట్లు కట్టవలెనో వేరొక ఫైలులో పంక్తివారీగా వ్రాయుదురు. పైథాన్ భాషయు ఇట్టిదే.

ఇచ్చట రెండు విషయములను కలిపివేయరాదు. లిబ్రే ఆఫీసు పట్టికయు ఓపెన్ సోర్సే. కాని అందును సూత్రములు గడుల వెనుకనే యుండును. ఆర్‌లో వ్రాసిన పంక్తియు తప్పు కావచ్చును. అయితే ఆ తప్పు కంటికెదుట ఉండును. ఉపకరణము ఉచితమగుటచేత, డబ్బు లేని పాఠశాల విద్యార్థియు అవే పంక్తులను నడిపి సరిచూడగలడు. చిన్న జాబితాలకు, మార్కుల పట్టికలకు ఆఫీసు సాఫ్ట్‌వేరు చాలును. ఇతరులు నమ్మవలసిన ఫలితమునకు మాత్రము అది చాలదు.

గణిత పరీక్షలో ఉపాధ్యాయుడు జవాబు ఒక్కటే చూచి పూర్తి మార్కులు వేయడు, మెట్లన్నియు చూపుమనును. విజ్ఞానశాస్త్రము కోరునదియు అదియే.