తొట్టి బరువు తూకం తప్పితే స్టీరింగు మాట వినదు

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నవంబరు నుంచి సంక్రాంతి దాకా కళ్లాల్లోని ధాన్యం, ఆ వెనుక చెరకు, ఏడాది పొడవునా సరుగుడు కర్ర, ఇటుక, ఎరువు అన్నీ ట్రాక్టరు తొట్టిలోనే కదులుతాయి. ఎకరం, రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరు ఉండదు. కిరాయికి పిలుచుకుంటాడు. ట్రాక్టరు ఒకరిది, తోలేది మరొకరు. కానీ బస్తాలు ఎక్కడ వెయ్యాలో చెప్పేది, దగ్గరుండి సర్దించేది మాత్రం రైతే. అందుకే తొట్టిలో బరువు ఎక్కడ పడితే ఏమవుతుందో ట్రాక్టరు లేని రైతు కూడా తెలుసుకోవాలి. గెడ్డ దాటి గట్టెక్కే చోట, కాలువ గట్టు మలుపులో ప్రాణం మీదకు వచ్చేది ఈ లెక్క తప్పినప్పుడే.

బండి కట్టిన రైతుకు తెలిసిన విషయమే

ఎడ్లబండికి బస్తాలు వేసేటప్పుడు మన పెద్దలు ఇరుసుకు ముందెంత, వెనకెంత అని చూసుకునేవారు. ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలు నొక్కేస్తుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి మెడ తాడు గొంతుకు బిగుస్తుంది. ఎద్దు ఆగిపోయి చెబుతుంది కాబట్టి వెంటనే సర్దేవారు. ట్రాక్టరు అలా చెప్పదు.

రెండు చక్రాల తొట్టి కూడా బండిలాంటిదే. దాని బరువులో కొంత ఇరుసు మీద, మిగతాది ట్రాక్టరు వెనుక హుక్కు మీద పడుతుంది. హుక్కు ట్రాక్టరు పెద్ద చక్రాల ఇరుసుకు వెనుక ఉంటుంది. అంటే పెద్ద చక్రాలు ఆనుడు, ట్రాక్టరు ఒక పలుగు. వెనుక కొస మీద ఎంత నొక్కితే ముందు కొస అంత తేలుతుంది. ట్రాక్టరును తిప్పేది ఆ ముందు చక్రాలే. అవి తేలికైతే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది.

నాలుగు చక్రాల తొట్టిలో బరువంతా దాని చక్రాలే మోస్తాయి, హుక్కు మీద పెద్దగా పడదు. ఇక్కడ చెబుతున్నది ముఖ్యంగా రెండు చక్రాల తొట్టి గురించి.

లెక్క ఇలా వేసుకోవాలి

40 హార్స్ పవర్ ట్రాక్టరు ఒకటి 1,900 కిలోలు ఉందనుకుందాం. అందులో సుమారు 750 కిలోలు ముందు చక్రాల మీద ఉంటాయి. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం ఆరున్నర అడుగులు. వెనుక ఇరుసు నుంచి హుక్కు రెండడుగులు. ఈ కొలతలతో హుక్కు మీద 100 కిలోలు పడితే ముందు చక్రాల మీద సుమారు 30 కిలోలు తగ్గుతాయి.

ఇప్పుడు తొట్టిలో 80 కిలోల ధాన్యం బస్తాలు 40 వేశాం. మొత్తం 3,200 కిలోలు. హుక్కు నుంచి తొట్టి ఇరుసుకు పదడుగులు. బస్తాలు తొట్టి నిండా సమంగా పరిచి, బరువు మధ్య భాగం ఇరుసుకు ఒక అడుగు ముందు ఉండేలా చేస్తే హుక్కు మీద 320 కిలోలు పడతాయి. ముందు చక్రాల మీద 100 కిలోలు తగ్గి 650 మిగులుతాయి. అవే బస్తాలు ముందు పలక వైపు పోగు చేసి, మధ్య భాగం ఇరుసుకు మూడడుగులు ముందుకు జరిగితే హుక్కు మీద 960 కిలోలు. ముందు చక్రాల మీద 300 తగ్గి 450 మాత్రమే మిగులుతాయి. బస్తాలు అవే, కిరాయి అదే. తేడా అంతా సర్దడంలోనే. తొట్టి సొంత బరువులో హుక్కు మీద పడే వాటా ఇందులో కలపలేదు. అది కలిపితే ఇంకా తగ్గుతుంది.

చదును రోడ్డు మీద 450 సరిపోతుంది. గట్టెక్కేటప్పుడు కథ మారుతుంది. ఎనిమిదడుగులకు ఒక అడుగు లేచే మట్టి ఎత్తు మీద ఆ తొట్టిని లాగడానికి సుమారు 800 కిలోల లాగుడు కావాలి. హుక్కు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే ఆ లాగుడే ముందు చక్రాల నుంచి మరో 185 కిలోలు తీసేస్తుంది. ఎత్తు మీద ట్రాక్టరు సొంత బరువు కూడా వెనక్కి ఒరిగి ఇంకో 85 పోతాయి. సమంగా పరిచిన తొట్టికి 380 మిగులుతాయి. ముందుకు పోగేసిన తొట్టికి 180 మాత్రమే.

ట్రాక్టరు సొంత బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలన్నది ఇంజనీర్లు పాటించే లెక్క. మన ట్రాక్టరుకు అది 380 కిలోలు. అంటే సమంగా పరిచిన 40 బస్తాలు కూడా ఈ ఎత్తుకు సరిగ్గా అంచు మీద ఉన్నట్టే. పోగేసిన తొట్టి అయితే అదుపు తప్పినట్టే.

పైన తగిలిస్తే తిరగబడుతుంది

బురదలో దిగబడినప్పుడు కొందరు గొలుసును టాప్ లింకు తగిలించే పై బ్రాకెట్టుకు వేసి లాగుతారు. దీనికి మించిన ప్రమాదం లేదు. అది నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి లాగుడు ముందు చక్రాలను రెండింతలు తేలుస్తుంది. పై లెక్కలో 185కు బదులు 370 పోతాయి. ముందుకు పోగేసిన తొట్టి అయితే ముందు చక్రాల మీద ఏమీ మిగలదు. ట్రాక్టరు లేచి డ్రైవరు మీదకే తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్చు తొక్కే వ్యవధి దొరకదు. ఏది లాగినా కంపెనీ ఇచ్చిన గట్టి హుక్కుకే, పెద్ద చక్రాల ఇరుసు కన్నా కిందనే తగిలించాలి. లిఫ్టు చేతుల మధ్య ఉండే కన్నాల పట్టీకి బరువు వేసిన రెండు చక్రాల తొట్టిని తగిలించకూడదు.

వెనక్కి ఎక్కువైనా ముప్పే

సరుగుడు, వెదురు లాంటి పొడవు కర్రలు తొట్టి వెనుక నుంచి బయటికి చాచి ఉంటాయి. బరువు ఇరుసుకు వెనక్కి పోతే తొట్టి కొన హుక్కును పైకి ఎత్తుతుంది. పెద్ద చక్రాల మీద బరువు తగ్గి పట్టు పోతుంది, తడి మట్టిలో ఊరికే తిరుగుతాయి. గతుకు గతుకుకీ పిన్ను ఎగిరి పడుతుంది. దానికి అడ్డు పిన్ను లేకపోతే ఊడి వస్తుంది. కాబట్టి కర్రల మొదళ్లు, అంటే లావు భాగం, ముందు వైపు ఉండేలా పేర్చి గట్టిగా కట్టాలి.

కారుకు ఇంటిని కట్టి లాగే వాళ్లు ఏం చేస్తారు?

అమెరికాలో సెలవులకు వెళ్లేవారు మంచం, వంటగది ఉన్న చక్రాల ఇంటినే కారు వెనుక కట్టుకుని పోతారు. వాళ్లదీ ఇదే చిక్కు. ఇంటి బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడేలా సామాను సర్దుకుంటారు. అంతకు తగ్గితే వెనుక బండి పాములా ఊగుతుంది. ఆ బరువుకు కారు వెనుక కుంగి ముందు లేస్తుంది కాబట్టి, హుక్కు దగ్గర రెండు స్ప్రింగు కడ్డీలు బిగించి, వాటిని గొలుసులతో పైకి లాగి కడతారు. ఆ బిగువు హుక్కు మీది బరువులో కొంత కారు ముందు చక్రాలకు, కొంత వెనుక బండి చక్రాలకు పంచుతుంది. బిగువు సరిపోయిందా అన్నది ముందు చక్రం పైన రేకు ఎత్తును తగిలించక ముందు, తగిలించాక కొలిచి చూసుకుంటారు. కడ్డీలు బరువును పంచుతాయే గానీ తగ్గించవు.

మన తొట్లకు ఆ ఏర్పాటు లేదు. పైగా ట్రాక్టరు ఇరుసులకు కారుకు ఉన్నట్టు మెత్తని స్ప్రింగులు ఉండవు. అందువల్ల ముందు భాగం తేలికవుతున్నా కంటికి కనిపించదు. చక్రం నేల విడిచాకే తెలుస్తుంది. కాబట్టి మనం కొలవాల్సింది ఎత్తు కాదు, బరువు.

కాటా మీద చూసుకోవచ్చు

రైసు మిల్లు దగ్గరైనా, సంకిలి చక్కెర ఫ్యాక్టరీ దగ్గరైనా వేబ్రిడ్జి కాటా ఉంటుంది. తొట్టి లేకుండా ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రమే పళ్లెం మీద పెట్టించి ఒక తూకం, మొత్తం ట్రాక్టరుది ఒక తూకం తీయించాలి. తర్వాత సరుకు వేసిన తొట్టి తగిలించి మళ్లీ ముందు చక్రాలు తూయించాలి. మూడు అంకెలు కాగితం మీద రాసుకుంటే చాలు. చదును మీదే ట్రాక్టరు మొత్తం బరువులో మూడో వంతు ముందు లేకపోతే ఎత్తులకు పనికిరాదని గుర్తు.

కాటా దూరమైతే చేతికి తెలిసే గుర్తులున్నాయి. స్టీరింగు మామూలు కన్నా తేలిగ్గా తిరగడం, మలుపులో బండి ఆలస్యంగా తిరగడం, గేరు వేసి కదిలించగానే ముందు భాగం ఎగిరినట్టుండటం. వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆపి బస్తాలు వెనక్కి సర్దాలి.

సర్దేటప్పుడు చేయాల్సినవి

• తొట్టిని చదును నేల మీద తగిలించి, అడుగు పలక సమంగా ఉందో లేదో చూడాలి. 
• ఇరుసు ఎక్కడుందో తొట్టి పక్క పలక మీద సుద్దతో గీత గీయాలి. మొదటి వరుస తొట్టంతా పరవాలి. పై వరుసలు గీతకు అటూ ఇటూ పేర్చి, ముందుకు కొద్దిగా మొగ్గు ఉంచాలి.
• ఎత్తెక్కేటప్పుడు బస్తాలు జారకుండా తాడు బిగించాలి. 
• ముందు బంపరుకు కంపెనీ వెయిట్లు పెట్టించమని ట్రాక్టరు యజమానిని అడగాలి. ముందు ఇరుసుకు రెండడుగులు ముందుగా 100 కిలోలు పెడితే ముందు చక్రాలకు 130 కిలోలు కలుస్తాయి. బంపరు మీద మనిషిని కూర్చోబెట్టడం దీనికి మందు కాదు.
• పిన్నుకు అడ్డు పిన్ను, దానికి తోడు రక్షణ గొలుసు ఉండాలి.
• రోడ్డు ఎక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ గొళ్లెంతో కలపాలి. దిగువకు న్యూట్రల్‌లో వదలకూడదు. ఎక్కిన గేరులోనే దిగాలి.
• మడ్‌గార్డు మీద, బస్తాల మీద పిల్లల్ని, కూలీలను ఎక్కించకూడదు. తొట్టి సరుకుకే గానీ మనుషులకు కాదు.

పొలం దారిలో ఒక్క గట్టయినా నిటారుగా ఉంటే 40 బస్తాలను రెండు ట్రిప్పులుగా చేయించుకోవడమే మేలు. రెండో ట్రిప్పు కిరాయి బరువనిపిస్తే, గట్టు ఇవతలి దాకా 20 చొప్పున రెండుసార్లు దాటించి, రోడ్డు మీద ఒకే తొట్టికి ఎక్కించుకోవచ్చు. కూలి కాస్త పెరుగుతుంది. తోలే కుర్రాడు మాత్రం క్షేమంగా ఇల్లు చేరతాడు.