కౌలు బస్తాల్లో, ధర లక్షల్లో

ఏప్రిల్‌లో గోదావరి డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా సగం రోడ్డు మీద ధాన్యమే. బరకాల మీద ఆరబోసిన దాళ్వా (రబీ వరి) గింజను పంటి కింద పెట్టి కొరుకుతాడు రైతు. కటుక్కుమంటే ఆరినట్టు. కొనుగోలు కేంద్రంలో మాత్రం పన్ను మాట చెల్లదు. మిషను 17 శాతం లోపు తేమ చూపిస్తేనే మద్దతు ధర.

దాళ్వా దిగుబడి బాగుంటుంది, చిక్కులూ ఎక్కువే. గోదారి సన్నబడ్డ కాలం కాబట్టి సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్లు కలిస్తేనే శివారు చేలు తడుస్తాయి. కోతలనాటి ఎండకు గింజ లోపల చీలుతుంది. పచ్చి బియ్యం ఆడితే నూక ఎక్కువ, మిల్లరు బేరానికి అదే సాకు. బొండాలనే లావు రకాల సంగతి వేరు. ఉప్పుడు బియ్యంగా కేరళకు పోతాయి కనుక నూక భయం తక్కువ.

ఇక భూమి. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా దాదాపు 1,777. ఎకరా కౌలు ఏడాదికి 25 బస్తాలనుకుందాం, 44 వేల పైచిలుకు. ఎకరం ధర 40 లక్షలనుకుంటే ఆ కౌలు నూటికి నెలకు తొమ్మిది పైసల వడ్డీ. అదే సొమ్ము రూపాయి వడ్డీకి తిప్పితే ఏడాదికి 4 లక్షల 80 వేలు! మరి ఎవరు కొంటున్నారు? ధాన్యం డబ్బుతో కొనేవాళ్లు కాదు. ఉద్యోగం, వ్యాపారం, విదేశీ సంపాదన తెచ్చి కొనేవాళ్లు. రోడ్డు పడుతుందని, లేఅవుట్ వస్తుందని, చేపల చెరువు తవ్వొచ్చని.

అమెరికాలోని అయోవాలో పొలం ఎక్కువగా రైతే కొంటాడు, మొక్కజొన్న డబ్బుతోనో దాన్ని నమ్మి తెచ్చిన అప్పుతోనో. అందుకే వడ్డీలు పెరిగి పంట ధర పడిపోయాక, 1981లో సగటున ఎకరా 2,147 డాలర్లున్న భూమి 1986కి 787కి దిగింది. మన దగ్గర ధాన్యం ధర పడినంత మాత్రాన పొలం ధర అలా కూలదు. పడేది కౌలు రైతు.

డెల్టాలో చాలా చోట్ల సార్వా (ఖరీఫ్) పంట దాదాపుగా కౌలు బస్తాలకే పోతుంది, అతనికి మిగిలేది దాళ్వా. ఏప్రిల్‌లో మబ్బు పట్టగానే బరకాల కోసం పరుగెత్తేది అందుకే.