ముందు పోర్టులు లెక్కపెట్టండి

చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలో రెడ్ హిల్స్ దాటాక షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉన్న ఊరది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వే మీదే ఏళ్ల తరబడి కారు పందేలు నడిపింది. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచేదాకా దక్షిణాదిలో పందెం బండ్ల పేరు చెబితే షోలవరమే గుర్తొచ్చేది. విదేశీ విడిభాగాలు దొరకడం గగనమైన రోజులు కాబట్టి అంబాసిడర్, ఫియట్, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి ఇంటి బండ్లకే పదును పెట్టేవారు. పాత బండ్ల మీద మక్కువ ఉన్నవాళ్లలో అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక నమ్మకం చెక్కుచెదరలేదు. కార్బొరేటర్లు ఎన్ని పెంచితే ఇంజనుకు అంత బలమని. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే పాత షెవర్లే, జాగ్వార్ ఇంజన్ల విషయంలో ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు గానీ, అది సగం నిజమే. ఎన్ని కార్బొరేటర్లు పెట్టాలో నిర్ణయించేది సిలిండర్ హెడ్డు. దాన్ని విప్పి చూడకుండా కార్బొరేటర్లు కొనడం డబ్బు తగలేసుకోవడమే.

కష్టం ఎక్కడుందో ముందు చూద్దాం. ఆరు సిలిండర్ల వరస పొడుగ్గా ఉంటుంది. నడిమధ్యన ఒకే కార్బొరేటర్ పెడితే మూడో, నాలుగో సిలిండర్లు దానికి పక్కనే ఉంటాయి. ఒకటో, ఆరో సిలిండర్లు మాత్రం చెరో కొసన దూరంగా ఉండిపోతాయి. పంక్తి భోజనంలో వడ్డన మధ్యలో మొదలైతే కొసన కూర్చున్నవాళ్ల విస్తట్లో ఏం పడుతుందో వాటి గతీ అంతే. పెట్రోలు మొత్తం ఆవిరై గాలిలో కలిసిపోదు. కొంత సన్నటి తుంపరగా ఎగురుతుంది, కొంత కార్బొరేటర్ నుంచి హెడ్డుకు గాలిని చేర్చే గొట్టం, అంటే మానిఫోల్డు గోడలంట తడిగా పాకుతుంది. మలుపు దగ్గర గాలి తేలిగ్గా తిరుగుతుంది గానీ బరువైన తుంపర తిరగలేక గోడకు కొట్టుకుంటుంది. అందుకే ఒక సిలిండర్‌కు చిక్కటి మిశ్రమం, ఇంకోదానికి పలచటిది అందుతాయి. ఈ తేడా కనిపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఆరు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా పేర్చి చూస్తే చాలు. కొన్ని మసిబారి, కొన్ని తెల్లగా కాలి కనిపిస్తే పంపకం చెడిందన్నమాట. మొత్తం మీద పెట్రోలు సరిపోతూనే ఉండవచ్చు. మెకానిక్కు మాత్రం పలచబడిన సిలిండర్ దెబ్బతినకుండా కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు పెద్దది వేస్తాడు. దాంతో మిగతా అయిదూ అవసరానికి మించి తాగుతాయి. అంటే రెండో కార్బొరేటర్ చేసే అసలు మేలు పెట్రోలు ఎక్కువ పోయడం కాదు, వాటా సరిగ్గా పంచడం.

ఆ వాటాలు ఎన్నో హెడ్డే నిర్ణయిస్తుందనడానికి కంపెనీలు చేసిన పనులే సాక్ష్యం. 1953లో కొర్వెట్ స్పోర్ట్స్ కారు కోసం షెవర్లే తన పాత ఆరు సిలిండర్ల ఇంజన్నే తీసుకుని మూడు కార్టర్ కార్బొరేటర్లు బిగించింది. అదే ఏడు ఆటోమేటిక్ గేర్లున్న మామూలు షెవర్లేలో 115 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజను కొర్వెట్‌లో 150 ఇచ్చింది. ఆ మూడు అన్న అంకె ఊరికే రాలేదు. షెవర్లే హెడ్డులో గాలి లోపలికి పోయే పోర్టులు ఆరు కాదు, మూడే. పక్కపక్కనున్న రెండేసి సిలిండర్లు ఒక్కో పోర్టును పంచుకుంటాయి. పోర్టుకొకటి చొప్పున కార్బొరేటర్ పెట్టారు, కామ్‌షాఫ్టు మార్చారు, కంప్రెషన్ పెంచారు. జాగ్వార్ కథా ఇలాంటిదే. 3.4 లీటర్ల ఎక్స్‌కే ఇంజనుకు రెండు ఎస్‌యూ కార్బొరేటర్లతో 210 హార్స్‌పవర్ చెప్పిన కంపెనీ, 1958లో ఎక్స్‌కే 150 ఎస్‌లో మూడు ఎస్‌యూలు పెట్టి 250 అని ప్రకటించింది. ఆ మూడో కార్బొరేటర్‌తో పాటే సిలిండర్ హెడ్డుల నిపుణుడు హ్యారీ వెస్లేక్ తీర్చిన కొత్త హెడ్డు వచ్చింది. అందులో పోర్టుల వంపు తగ్గించి గాలికి తిన్నటి దారి ఇచ్చారు. కంప్రెషన్ కూడా పెంచారు. పెరిగిన బలమంతా కార్బొరేటర్ల ఖాతాలో వేస్తే హెడ్డుకు అన్యాయం చేసినట్టే. మనకు బాగా తెలిసిన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనుకు ఉన్నవి నాలుగు సిలిండర్లే అయినా అదీ ఇదే పాఠం చెబుతుంది. ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు వాడింది ఆ కుటుంబపు ఇంజన్నే. సాదా కార్లలో యాభై పైచిలుకు హార్స్‌పవర్ ఇచ్చేది అక్కడ రెండు ఎస్‌యూలతో, మార్చిన హెడ్డుతో 68, తరవాత 72 దాకా వెళ్లింది. ఆ హెడ్డులో గాలి పోర్టులు రెండు, కార్బొరేటర్లూ రెండే.

మూడు ఉంటే రెండుకన్నా మేలే కదా అంటారు. నిప్పంటుకునే క్రమం తెలిస్తే అంత తేలిగ్గా అనలేం. ఈ ఇంజన్లలో అది 1-5-3-6-2-4. క్రాంక్‌షాఫ్టు తిరిగే ప్రతి 120 డిగ్రీలకు ఒక సిలిండర్ వంతు వస్తుంది, 720 డిగ్రీలకు ఆవృత్తి ముగుస్తుంది. ముందు మూడు సిలిండర్లకు ఒక కార్బొరేటర్, వెనక మూడింటికి ఒకటి ఇచ్చామనుకోండి. ఒకటి, మూడు, రెండు సిలిండర్ల పీల్పులు సరిగ్గా 240 డిగ్రీల ఎడంతో వస్తాయి. అయిదు, ఆరు, నాలుగుకూ అంతే. ఒకదాని పీల్పు దాదాపు ముగిశాకే ఇంకోటి మొదలవుతుంది కాబట్టి ఒకదాని గాలిని మరొకటి దోచుకోదు. మూడు కార్బొరేటర్లు పెట్టి జంటలుగా పంచితే మధ్య జంటకు మాత్రమే 360 డిగ్రీల సమాన ఎడం దక్కుతుంది. కొస జంటలకు ఒకసారి 240, ఒకసారి 480. నెమ్మదిగా నడుస్తున్నప్పుడు ఆ పొడుగాటి విరామంలో కార్బొరేటర్‌లో గాలి వేగం పడిపోతుంది, జెట్టు నుంచి పెట్రోలు సరిగా లేవదు. మూడింటినీ కలిపే బ్యాలెన్స్ పైపు ఈ లోటును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీర్చదు. ట్రాక్ మీద ఇంజను ఎప్పుడూ అధిక వేగంలో ఉంటుంది కాబట్టి ఇబ్బంది కనిపించదు. చెన్నైలో అన్నా సాలై సిగ్నళ్ల మధ్య తిరిగే బండికి అది రోజూ ఎదురయ్యేదే. జాగ్వార్‌లా ఆరు విడి పోర్టులుంటే రోడ్డు బండికి రెండు కార్బొరేటర్లే హాయి అని నా అభిప్రాయం. షెవర్లేలో మూడో, నాలుగో సిలిండర్లు ఒకే పోర్టు పంచుకుంటాయి కాబట్టి ఆ విభజన అంత శుభ్రంగా కుదరదు. అక్కడ రెండు పెట్టినా మధ్య పోర్టు రెండింటి నుంచీ పీల్చుకుంటుంది.

ఇక హెడ్డు మీద చేసే పని. గాలికి అన్నిటికన్నా ఇరుకైన చోటు వాల్వు, దాని సీటు. అక్కడి ఇరుకు అలాగే ఉంచి బయట ఎంత పెద్ద కార్బొరేటర్ పెట్టినా ప్రయోజనం తక్కువే. కాబట్టి ముందు వాల్వు సీటును 30, 45, 60 డిగ్రీల మూడు వాలుల్లో కోయించాలి. సీటు కింద పోతపోసినప్పుడు మిగిలిన అంచును నున్నగా కలపాలి. తరవాత గ్యాస్కెట్‌ను హెడ్డు మీద ఆనించి గీత గీసి, పోర్టు నోరూ మానిఫోల్డు నోరూ ఆ గీతకు సరిపోయేలా తీయాలి. మెట్టు మిగిలితే తడి పెట్రోలు అక్కడే ఆగుతుంది. ఆశ కొద్దీ పోర్టును అంతటా పెద్దది చేయడం తప్పు. గాలి వేగం తగ్గి, తక్కువ వేగంలో పికప్ పోతుంది. పైగా పోర్టు గోడ వెనకే నీళ్లు తిరిగే గది ఉంటుంది. గ్రైండర్ కాస్త లోతుకు పోతే డెబ్బై ఏళ్ల పోత ఇనుము చిల్లు పడుతుంది. దాన్ని వెల్డింగ్ చేసి నిలబెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. 1960లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్ ఫాల్కన్ మరీ మొండిది. దాని మానిఫోల్డు హెడ్డుతో కలిపే పోతపోశారు కాబట్టి అదనపు కార్బొరేటర్ కావాలంటే హెడ్డునే కోయక తప్పదు.

హెడ్డును ఇలా మార్చడానికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. అలనాటి వస్తువును అలాగే ఉంచాలి కదా అని. నేను దీన్ని తోసిపుచ్చను. 1928లో బొంబాయిలో జనరల్ మోటర్స్ కర్మాగారం తెరిచాక మన దేశంలో బిగించిన షెవర్లేల్లో ఇప్పటికి మిగిలినవి కొన్నే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూల రూపంలో ఉండి, పెద్ద మార్పులకు లోనుకాని బండినే వింటేజ్‌గా లెక్కించి ‘వీఏ’ వరసలో నంబరు ఇస్తారు. అలాంటి బండి అసలు హెడ్డును కోయడం తగదు. చెన్నైలో పాత సామాన్లకు పేరుపడ్డ పుదుపేట్టైలోనో, మరో చోటో రెండో హెడ్డు సంపాదించి పని దాని మీద చేయించాలి. అసలుది నూనె రాసి భద్రపరచాలి. రెండో హెడ్డు దొరకకపోతే మానిఫోల్డు వరకే మార్చి ఊరుకోవడం మంచిది.

ఇంత తంటా ఎందుకు, ఇంజెక్షన్ పెడితే పోదా అనేవాళ్లూ ఉన్నారు. పంపకం వరకు చూస్తే వాళ్ల మాట నిజమే. పోర్టుకొక ఇంజెక్టర్ ఉంటే తడి గోడల గొడవ చాలావరకు తీరుతుంది. కానీ వాల్వు దగ్గరి ఇరుకు అప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి హెడ్డు పని తప్పదు. కార్బొరేటర్లతోనే ఉండదలచినవాళ్లు చెన్నై ఎండనూ, ఇప్పటి పెట్రోలునూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ పాత ఇంజన్లు చాలావాటిలో గాలి మానిఫోల్డూ పొగ మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. చలి దేశాల్లో పెట్రోలు ఆవిరి కావడానికని పొగ వేడి తగిలేలా చేసిన ఏర్పాటు మే నెల ఎండలో కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును మరిగిస్తుంది. రెండు కార్బొరేటర్లు పెట్టేటప్పుడు వాటికీ పొగ మానిఫోల్డుకూ మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం, కింద వేడి పారని మందపాటి గ్యాస్కెట్ తప్పనిసరి. బంకుల్లో దొరికే ఇ20 పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దాదాపు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లే చాలు. పాత జెట్లతో ఇ20 పోస్తే మిశ్రమం పలచబడి వాల్వులు వేడెక్కుతాయి. పాత రబ్బరు పైపులూ దెబ్బతింటాయి. కాబట్టి జెట్లు ఒక మెట్టు పెంచి, పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి వేసి, కొన్నాళ్లు నడిపాక ఆరు ప్లగ్గులూ మళ్లీ విప్పి పక్కపక్కన పెట్టి రంగులు పోల్చాలి.