పసరుకు లొంగేవి... లొంగనివి

పిల్లాడు నిద్రలో పళ్లు కొరికినా, పొట్ట ఉబ్బినా, అన్నం చూసి మొహం తిప్పుకున్నా ఇంట్లో ముసలమ్మ చెప్పే జవాబు ఒక్కటే... ‘కడుపులో పాములున్నాయి’. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మాట వినని ఇల్లుండదు. పళ్లు కొరికే పిల్లలందరికీ పాములుండవుగానీ మిగతా రెండింటినీ తీసిపారేయలేం.

ఆ తరవాత మందు. మైదానంలో అయితే వేపచిగురు, వాము, ఆముదంతో సరి. కొండెక్కితే చిట్టా పెరుగుతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం... 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన ఈ మండలాల్లో సవరలు, జాతాపులు ఎక్కువ. ఆస్పత్రి దూరం, అడవి దగ్గర. కాబట్టి జ్వరమైనా గజ్జి అయినా మొదటి వైద్యం చెట్టుదే.

పురుగుల మందుల్లో పేరున్నవి వాయువిడంగాలు. చూడ్డానికి అచ్చం మిరియాల్లా ఉంటాయి. పొడిని తేనెలోనో మజ్జిగలోనో కలిపి పరగడుపున ఇచ్చి, ఆపైన ఆముదం పట్టించడం పాత పద్ధతి. మందుకు పురుగు పట్టు వదిలితే ఆముదం దాన్ని బయటికి తోసేస్తుందని లెక్క. ఇది ఉత్త నమ్మకం కాదు. విడంగాల్లో ఎంబెలిన్, మోదుగ గింజల్లో పాలసోనిన్ ఉన్నాయనీ, పురుగుల మీద వాటి ప్రభావం ఉందనీ ప్రయోగశాలల్లో తేలింది.

చిక్కల్లా మోతాదుతోనే. ఒక్కో గింజలో మందు ఒక్కోలా ఉంటుంది. పైగా విడంగాల పేరుతో బజారులో దొరికేది ఒకే మొక్క కాదు. ఒకే కుటుంబానికి చెందిన రెండు జాతుల కాయలూ అదే పేరుతో అమ్ముడవుతున్నాయి. మోదుగ గింజలు కాస్త ఎక్కువైతే వాంతులు. ఇక గర్భిణులు విడంగాల జోలికే పోకూడదు.

సరే, మందు పనిచేసి పురుగు పడిపోయిందనుకుందాం. మట్టిలో మిగిలినదాని సంగతేంటి? ఒక్క ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. మలంతోపాటు నేలలో కలిసిన ఆ గుడ్లు ఏళ్ల తరబడి బతికుండగలవు. కొంకిపురుగుదైతే ఇంకో తోవ. బహిర్భూమికో పొలానికో చెప్పుల్లేకుండా వెళ్లినవాళ్ల పాదాల్లోంచి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. అసలే రక్తహీనత ఉన్న గర్భిణికి అది గండమే. ఈ చక్రాన్ని పసరూ ఆపలేదు, మాత్రా ఆపలేదు. మరుగుదొడ్డి, చెప్పులు, సబ్బు కావాలి. అందుకే 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినాన 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ మాత్రను ఒక్కసారితో సరిపెట్టకుండా మళ్లీ మళ్లీ ఇస్తున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు సగం మాత్ర చాలు.

జ్వరమైతే ఆగొద్దు

కడుపులో పురుగుల విషయంలో నాలుగు రోజులు ఆగినా సాధారణంగా ప్రాణం మీదికి రాదు. మలేరియా అలా కాదు. ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే రోజుల్లోనే మనిషి దక్కకుండా పోతాడు. నేలవేము కషాయం తాగి చూద్దామని గడిపే రెండు రోజులే కొంప ముంచుతాయి. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్‌తో వేలి చివర రక్తపు చుక్క చాలు, జ్వరం సంగతి నిమిషాల్లో తెలిసిపోతుంది.

అలాగని ఆకును తక్కువ చేయనక్కర్లేదు. ఫాల్సిపారానికి ఇప్పుడిస్తున్న మందుకు మూలం ఆకే. చైనా శాస్త్రవేత్త తు యూయూ నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో దొరికిన ఆధారంతో ఓ మొక్క నుంచి ఆర్టెమిసినిన్‌ను రాబట్టి, 2015లో నోబెల్ అందుకున్నారు. వినాయక చవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రి ఆ మొక్కకు దగ్గరి చుట్టం. అయితే చుట్టరికం ఉన్నంత మాత్రాన మందు రాదు. అంతెందుకు, అసలు మొక్కనే కాచి తాగినా మలేరియాకు చికిత్స కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తీరం వైపు దిగితే బోదకాలు బాధ. వాచిన కాలికి ఎన్ని ఆకులు కట్టినా రక్తంలో తిరిగే సూక్ష్మక్రిములకు ఏమీ కాదు. వాటికోసమే 2004 నుంచి దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో డీఈసీ మాత్రల సామూహిక పంపిణీ చేపట్టారు. పేలకు వాడే సీతాఫలం గింజల పొడితో మరో ప్రమాదం... కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది కుప్పింటాకు దగ్గర. గజ్జికి పైపూతగా, పురుగులకు కడుపులోకీ వాడే ఈ ఆకు పెరట్లోనే మొలుస్తుంది. కొందరికి పుట్టుకతోనే జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువ. మలేరియా ప్రాంతాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటివాళ్లు కుప్పింటాకు తింటే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయిన సందర్భాలు వైద్య పత్రికలకెక్కాయి. వైవాక్స్ మలేరియాకు డాక్టరు ఇచ్చే ప్రైమాక్విన్‌తోనూ ఇదే ముప్పు. ఇంట్లో ఆకు, ఆస్పత్రిలో మాత్ర... ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకపోతే?

తెలిసే దారులూ తగ్గుతున్నాయి. పోడు కొండల మీద జీడితోటలు పరుచుకున్నాయి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కరక్కాయలు, నరమామిడి చెక్క, ముసిడి గింజల్లాంటివి కొంటోంది. కొనేవాడున్న మొక్క పేరు పిల్లలకూ తెలుస్తుంది, మిగతావి ముసలివాళ్లకే. సంప్రదాయ వైద్యాన్ని కాపాడేందుకు 2001లో కేంద్రం మొదలుపెట్టిన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేదం, సిద్ధ, యునానీ పుస్తకాలను ఎక్కించుకుంది. సవర తాత నోటి మాటకు అందులో చోటు లేదు.

జ్వరంతోనో పచ్చటి కళ్లతోనో పిల్లాణ్ని ఆస్పత్రికి తెచ్చిన తల్లి, తిడతారన్న భయంతో ఆకు సంగతి దాచేస్తుంది. డాక్టరే ముందు అడగాలి, ‘ఇంటి దగ్గర ఏం పట్టించావమ్మా?’ అని. పేరు చెప్పడం రాకపోతే ఫర్వాలేదు, ఆ రెమ్మ ఒకటి తుంచి కొంగున కట్టుకొస్తే చాలు.