చలియు జ్వరమును: చీనా వైద్యుల విచారణ

జ్వరము తగిలినవాని కడకు పోయినంతనే మనము నుదుటిపై చేయి వైచి చూతుము. చీనా దేశపు సంప్రదాయ వైద్యుడు అంతటితో ఊరకుండడు. ఒడలు కాలుచున్నను రోగిని "చలిగా నున్నదా?" అని అడుగును. చూచుటకు చిన్న ప్రశ్నయే. కాని వారి జ్వరచికిత్స చాలవరకు దీనిమీదనే నిలిచియున్నది.

క్రీస్తు శకము రెండవ శతాబ్దపు చివర, హాన్ వంశపు రాజ్యము కూలుచున్న దినములలో, జాంగ్ జుంగ్‌జింగ్ అను వైద్యు డుండెను. ఇన్నూటికి మించిన తన బంధువులలో, పదియేండ్లు నిండకమునుపే, మూడింట రెండు వంతులవారు మరణించిరనియు, వారిలో పదింట ఏడుగురు ఇట్టి జ్వరములకే బలియైరనియు ఆయన పేరనున్న పీఠికలో కలదు. ఆ గ్రంథమునకు 'షాంగ్‌హాన్ లున్' అని పేరు. అనగా శీతపు దెబ్బను గూర్చిన విచారము.

అందలి మార్గ మిట్టిది. చలియు వేడియు ఒక్కమారే యున్నచో వ్యాధి యింకను శరీరపు వాకిటనే యున్నదని యెంచుదురు. చలి పోయి, దాహము హెచ్చి, రోగి దుప్పటిని తన్నివేయుచుండిన, అది యింటిలో జొచ్చినది. చలి కొంతసేపు, వేడి కొంతసేపు మారిమారి వచ్చుచుండిన, గడపమీద నున్నది. వేడియే లేక, చలి మాత్రము మిగిలి, కాలుసేతులు చల్లబడిన, రోగి బలమే తరిగిపోయినదని భయపడుదురు. తరువాతివారు చలిలోనే భేదము చూపిరి: కంబళి కప్పగా తగ్గు చలి లోపలి బలహీనతవలన కలిగినది, ఎన్ని కప్పినను తగ్గనిది వెలుపలినుండి తగిలినది.

వ్యాధి వాకిట నుండగా చెమట పట్టించి వెడలగొట్టవలెనని వారి మతము. అప్పటికే కొంచెము చెమట పట్టుచున్న రోగికి దాల్చిన చెట్టు లేతకొమ్మలు, అల్లము, అతిమధురము, రేగుజాతి పండ్లు మొదలగువాని కషాయ మిత్తురు. పిమ్మట వేడి గంజి త్రాగించి దుప్పటి కప్పుదురు. ఒడలెల్ల సన్నగా తేమ యెక్కిన చాలును. నీరు కారునట్లు చెమట పట్టరాదని ఆ గ్రంథమే హెచ్చరించుచున్నది. మిరియాల కషాయము పోసి రెండు కంబళ్లు కప్పు మన పెద్దమ్మలు ఈ మాట వినదగినవారు.

వాకిలి, గడప యను ఈ విభాగము నేటి శరీరశాస్త్రమునకు సరిపడదు. పరిశీలన మాత్రము సూక్ష్మమైనది. మెదడులో శరీరపు వేడిమిని నియమించు స్థాన మొకటి కలదు. వ్యాధి సోకినపుడు అది తన కొలతను పైకి జరుపుకొనును. అంతవరకు సరిగానున్న వేడిమియే అప్పుడు చాలనట్లు తోచి, చర్మములోని నాళములు ముడుచుకొని, కండలు వణకును. అనగా చలి జ్వర మెక్కుటకు గుర్తు. చెమట తరచుగా దిగుటకు గుర్తు.

మారిమారి వచ్చు చలిజ్వరమనగానే మనకు మలేరియా తోచును. దోమ కడుపులో దాని క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే కనుగొనెను. నాలుగవ శతాబ్దములో గె హుంగ్ అను చీనా వైద్యుడు ఇట్టి జ్వరమునకు 'చింగ్‌హావ్' అను ఆకును గుప్పెడు నీట నానబెట్టి, పిండి, ఆ రసము త్రాగుమని వ్రాసెను. కాచుమని చెప్పలేదు! టూ యూయూ అను విదుషి దీనిని చదివి, వేడివలన మందు చెడునేమో యని తలచి, తక్కువ వేడిలోనే మరుగు ఈథరుతో 1971లో దాని సారము తీసెను. ఆ సారమునుండియే ఆర్టిమిసినిన్ లభించెను. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ మొక్క మన వినాయకుని పూజలోని మాచిపత్రికి దగ్గరి చుట్టము. అంతమాత్రమున మాచిపత్రి రసము మలేరియాకు మందు కాజాలదు.

చలిజ్వరము దినము విడిచి దినము వచ్చినగాని మలేరియా కాదనుకొనువారు మన యూళ్లలో నున్నారు. ఫాల్సిపారమ్ అను ప్రాణాంతకమైన జాతికి ఈ వాయిదాలు తరచుగా కుదురవు. ఏ క్రమమును లేకయే అది మెదడున కెక్కవచ్చును. దానిని చలివలన గాని చెమటవలన గాని నిర్ణయింప వీలులేదు. వ్రేలినుండి తీసిన రక్తపుబొట్టును ఆ దినమే పరీక్ష చేయించవలెను.