పునరుక్తి లేని నకళ్ళు

ఒక ఉన్నత పాఠశాలలో 200 పుటల మార్కుల రిజిస్టరు ఉన్నదనుకొనుడు. అది చెదలపాలగునో, అగ్నికి ఆహుతియగునో యను భయముచే ప్రధానోపాధ్యాయుడు ప్రతి శనివారము దానికి పూర్తి నకలు వ్రాయించి వేరొక గదిలో దాచుచున్నాడు. వారమునకు మారు పుటలు నాలుగు మాత్రమే. పది వారములు గడచునప్పటికి దాచిన పుటలు 2,000 అగును. కాని వానిలో నిజముగా భిన్నమైనవి మొదటి 200, తరువాత తొమ్మిది వారములలో మారిన 36, మొత్తము 236. మిగిలిన 1,764 పుటలు వట్టి పునరుక్తులు.

పెద్ద సంస్థల కంప్యూటర్లలో జరుగునదియు ఇదియే. బ్యాంకుల ఖాతాలు, రైల్వే రిజర్వేషన్లు, ఆసుపత్రులలోని రోగుల వివరములు ప్రతిదినము మారుచుండును. అయినను ఒకనాటికిని మరునాటికిని మారు భాగము సాధారణముగా స్వల్పము. యంత్రము చెడినను, పొరపాటున ఫైలు తుడిచిపోయినను నష్టము కలుగకుండుటకై ఈ సమాచారమునకు నియమిత కాలములలో నకళ్ళు తీయుదురు. దీనినే బ్యాకప్ అందురు. నకళ్ళలోని పునరుక్తిని తొలగించి, భిన్నమైన భాగములను మాత్రమే నిలుపు పద్ధతికి డీడూప్లికేషన్ అని పేరు. ఇట్టి సాధనమును కొనదలచిన సంస్థ దాని మంచిచెడ్డలను పరీక్షింపవలెనన్నచో, ముందుగా అది పనిచేయు తీరు తెలియవలెను.

టేపు నుండి డిస్కునకు

చిరకాలము నకళ్ళకు ఆధారము అయస్కాంతపు టేపు. అది చౌక. తీసి వేరొక ఊరికి పంపవచ్చును. కాని నడుమనున్న చిన్న ఫైలు కావలసినచో టేపును అంతవరకు చుట్టవలెను. 1956లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ యంత్రముతో డిస్కును ప్రవేశపెట్టెను. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్ళెములపై అది 50 లక్షల అక్షరములను నిలుపగలిగెను. డిస్కులో ఏ చోటినైనను నేరుగా చేరవచ్చును. కాని పది వారముల నకళ్ళకు పదిరెట్లు డిస్కులు కొనుట భారము.

పునరుక్తిని తొలగించుటతో ఈ లెక్క మారినది. 2002లో బెల్ లాబరేటరీస్‌కు చెందిన క్విన్‌లన్, డోర్వర్డ్ అను శాస్త్రజ్ఞులు వెంటి అను నిల్వ పద్ధతిని ప్రకటించిరి. అమెరికాలో 2001లో స్థాపితమైన డేటా డొమైన్ సంస్థ ఇట్టి సాధనములను విక్రయించెను. 2009లో ఇ.ఎం.సి. సంస్థ దానిని సుమారు 210 కోట్ల డాలర్లకు కొనెను.

ముక్కలు, వేలిముద్రలు

యంత్రము మొదట సమాచారమును ముక్కలుగా కోయును. ప్రతి ముక్కను ఒకే పొడవున కోసినచో ఒక చిక్కు కలదు. ఒక పుస్తకమును నూరేసి అక్షరముల చొప్పున కోసితిమనుకొనుడు. మొదటి పుటలో ఒక్క అక్షరము చేర్చినచో తరువాతి ముక్కలన్నియు ఒక్కొక్క అక్షరము జరిగిపోవును. అన్నియు క్రొత్తవిగా కనబడును. నూరు అక్షరములకు బదులు వాక్యము ముగిసిన ప్రతిచోట కోసినచో ఈ చిక్కు ఉండదు. అక్షరము చేరిన వాక్యము మాత్రమే మారును.

కంప్యూటరు సమాచారమునకు వాక్యములు లేవు. కనుక యంత్రము ఒక చిన్న కిటికీని బైట్ల వెంబడి జరుపుచు, కిటికీలోని బైట్లతో ఒక గణనము చేయును. ఫలితములోని చివరి 13 ద్వియాంశపు అంకెలు ముందుగా నిర్ణయించిన విలువకు సరిపోయినచోట కోయును. అట్లు సరిపోవు అవకాశము 8,192లో ఒకటి. కనుక ముక్క సగటున ఆ ప్రాంతపు పొడవు ఉండును. ఇందుకు తగిన గణన పద్ధతిని 1981లో మైకేల్ రాబిన్ ప్రకటించెను.

పిదప ప్రతి ముక్కకు వేలిముద్ర వంటి ఒక సంఖ్యను కట్టుదురు. షా-1 అను పద్ధతిలో ఈ సంఖ్య 160 ద్వియాంశపు అంకెలు, అనగా 20 బైట్లు. అదే వేలిముద్ర పట్టికలో ఇదివరకే ఉన్నచో ముక్కను మరల వ్రాయరు. పాత ముక్క ఎచట ఉన్నదో గుర్తు మాత్రము వ్రాయుదురు. భిన్నమైన రెండు ముక్కలకు ఒకే వేలిముద్ర రాదా యను సందేహము సహజము. 125 కోట్ల ముక్కలున్నను యాదృచ్ఛికముగా అట్లు జరుగు అవకాశము 10 యొక్క 30వ ఘాతములో ఒకటికన్న తక్కువ. కాని 2017లో పరిశోధకులు బుద్ధిపూర్వకముగా షా-1తో ఒకే వేలిముద్ర గల రెండు ఫైళ్ళను సృష్టించి చూపిరి. మోసమునకు తావుండు చోట 256 అంకెల షా-256 వంటి పద్ధతి మేలు.

పట్టిక వెదకుట

పది టెరాబైట్ల సమాచారమును 8,000 బైట్ల చొప్పున కోసినచో 125 కోట్ల ముక్కలగును. వేలిముద్రలకే 2,500 కోట్ల బైట్లు కావలెను. పట్టికను డిస్కుపై ఉంచి, సెకనుకు నూరు చొప్పున వెదకినచో పని ముగియుటకు సుమారు 145 దినములు పట్టును! 2008లో డేటా డొమైన్ పరిశోధకులు దీనికి పరిష్కారమును వివరించిరి. ఒక ముక్క నిశ్చయముగా క్రొత్తది యైనచో ఆ సంగతిని సాధారణముగా జ్ఞాపకశక్తిలోని చిన్న జాబితాయే చెప్పును. పాతదైనచో, గతములో దాని ప్రక్కన వ్రాసిన ముక్కల వేలిముద్రలన్నియు ఒక్కసారిగా డిస్కునుండి తెత్తురు. ఏలయన, తరువాత రాబోవునవి ప్రాయికముగా అవియే. ఇట్లు పట్టికకై డిస్కును చేరు పనిలో 99 శాతము తప్పినది.

నిష్పత్తి ఏమి చెప్పును?

విక్రేతలు మొదట చెప్పునది నిష్పత్తి. పై రిజిస్టరు విషయములో అది 2,000కు 236, అనగా సుమారు ఎనిమిదిన్నర రెట్లు. అదే రిజిస్టరును ఇరువది వారములు దాచినచో 4,000కు 276, అనగా పదునాలుగున్నర రెట్లు. యంత్రము మారలేదు. దాచిన కాలము మాత్రమే పెరిగినది. కావున నిష్పత్తి యంత్రము యొక్క గుణమని తలచుట పొరపాటు. మరియు పది రెట్లనగా 90 శాతము పొదుపు, ఇరువది రెట్లనగా 95 శాతము. నిష్పత్తి రెట్టింపైనను అదనపు పొదుపు 5 శాతమే.

సమాచారపు స్వభావమును చూడవలెను. నకలు తీయుటకు ముందే, ప్రతిసారియు వేరొక తాళముతో రహస్య లిపిలోనికి మార్చిన ఫైలులో పునరుక్తి కనబడదు. కుదించిన ఫైలులో మూలమున చిన్న మార్పు కలిగినను, తరువాతి భాగమంతయు మారిపోవచ్చును. కనుక విక్రేత తెచ్చిన నమూనా చాలదు. సంస్థ తన స్వంత సమాచారముతోనే కొన్ని వారములు పరీక్షింపవలెను.

తిరిగి తీయు దినము

అన్నిటికన్న ముఖ్యమైన పరీక్ష తిరిగి తీయుట. పది టెరాబైట్లను సెకనుకు 20 కోట్ల బైట్ల చొప్పున తీసినచో సుమారు 14 గంటలు పట్టును. ఈ వేగము మొదటి వారమునను, ముప్పదవ వారమునను ఒకటిగా ఉండకపోవచ్చును. నేటి నకలులోని ముక్కలు గత వారములన్నిటిలో వ్రాసినవి. అవి డిస్కుపై చెల్లాచెదరుగా ఉండును. వానిని ఏరి తెచ్చుటకు కాలము పట్టును. తొలినాడు చేసిన పరీక్ష ఈ లోపమును చూపజాలదు.

మరియొక అపాయము కలదు. ఒక ముక్కయే పది నకళ్ళకు ఆధారమైనప్పుడు, అది చెడినచో పది నకళ్ళును చెడును. అందుచేత యంత్రము చదువునప్పుడు వేలిముద్రను సరిచూచునా, ఒక డిస్కు చెడినను సమాచారము నిలుచునా, దూరస్థలములో మరియొక ప్రతి కలదా అని విచారింపవలెను. ఎల్లప్పుడు తీగకు తగిలియుండు డిస్కును దుండగులు దూరమునుండియే తుడిచివేయగలరు. అందుకే నేటికిని పెక్కు సంస్థలు ఒక ప్రతిని టేపుపై వ్రాసి, తీసి దాచుచున్నవి.

రిజిస్టరు కాలిపోయిన నాడు ప్రధానోపాధ్యాయుడు ఎన్ని పుటల కాగితము మిగిలెనని అడుగడు. పూర్తి రిజిస్టరు, తప్పులేకుండ, ఎన్ని గంటలలో చేతికి వచ్చునని అడుగును. కొనుటకు ముందే ఈ ప్రశ్నకు గడియారము పెట్టి సమాధానము రాబట్టిన సంస్థయే తన నకళ్ళను నమ్మవచ్చును.